కూలరుకూ నాకూ గల పోలికలు

సాకేత్, న్యూఢిల్లీ
ఏప్రిల్ 6

గౌరవనీయులైన లీలావతి మేడమ్ గారికి,

ప్రభువు పేరట వందనములు. మా సంఘ పెద్ద ధర్మయ్య గారు మీ చిరునామా ఇచ్చారు. మీరు ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు బోధించి, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంటూ, పెద్ద వయసువారికి ఉత్తరాల ద్వారా పాఠాలు చెబుతారనీ, ఫోను చేసినవారిని చేర్చుకోరనీ, చేత్తో రాసినది తప్ప చదవరనీ తెలిపారు. ఈ షరతులు నాకు నచ్చినందున ఈ దరఖాస్తు.

నా వివరాలు వరుసగా మనవి చేస్తున్నాను. ఒకటి: వయసు నలభై ఆరు, సొంత ఊరు నరసాపురం పక్కన. రెండు: బడిలో చదివింది పదో తరగతి వరకు, తక్కినది సొంతంగా. మూడు: ఇక్కడొక ఆసుపత్రిలో బట్టల స్టోరుకు ఇన్‌చార్జిని. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు మొదలైన నూట నలభై వస్తువుల ఇంగ్లీషు పేర్లు స్పెల్లింగుతో సహా వచ్చు. నాలుగు: భార్య సరళకుమారి అదే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఐదు: ఒక్కతే కూతురు, ఫేబీ. పన్నెండో తరగతి పరీక్షలు ఈమధ్యే ముగిశాయి.

ఇక విషయం. ఫేబీ స్కూలు వారు అచ్చువేసిన సంచికలో ముప్పై నాలుగో పేజీలో మా అమ్మాయి పేరు ఉంది. పేరు పక్కన ఒకే వాక్యం. 'మై ఫాదర్ ఈజ్ ఎ రూమ్ కూలర్.'

ఈ ఆరు మాటల్లో ఏ మాటకు ఆ మాట నాకు అర్థమవుతోంది. ఆరూ కలిస్తే కావడం లేదు. ఫేబీని అడిగాను. "అరే డాడీ, కుఛ్ నహీ! ఇట్స్ జస్ట్ ఎ మెటాఫర్" అని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. సరళను అడిగితే, "కూలరంటే చల్లనోడనేగా అండీ, మంచిదే" అంది. కానీ ఇంగ్లీషులో చల్లని మనిషి అంటే మంచివాడు కాదని నిఘంటువులో ఉన్నది.

మా స్టోరులో ఒక వస్తువు మరొక వస్తువు కాజాలదు. దిండు గలీబును దుప్పటి అని రాస్తే ఆ రోజే మెమో వస్తుంది. కనుక ఒక మనిషి కూలరు ఎలా అయ్యాడో, అది మెచ్చుకోలో నిందో తెలుసుకోవడానికి ఎంత చదవాలో దయచేసి తెలుపగలరు. గడువు ఉన్నది. ఫేబీ జూలై పద్నాలుగున డిగ్రీకి బెంగళూరు హాస్టలుకు వెళ్లిపోతుంది. ఆలోగా తెలియాలి.

ఇట్లు,
విధేయుడు,
సిలాసు

తా.క. మళ్లీ ఫేబీనే అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. నింద అయితే అడిగినందుకు బాధ. మెచ్చుకోలైతే అడిగి తీసుకున్నట్టవుతుంది. రెంటిలో ఏదైనా రిజిస్టరులో ఎక్కించదగినది కాదు.


గురుగ్రామ్
ఏప్రిల్ 14

సిలాసు గారికి,

ఆశీస్సులు. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఆఫీసులో మాట్లాడటానికో, మనవల ముందు పరువు నిలుపుకోవడానికో ఇంగ్లీషు నేర్పమంటారు. ఒక్క వాక్యం కోసం వచ్చినవారు మీరొక్కరే. చేర్చుకున్నాను.

మొదటి పాఠం. పోలికకు మూడు కాళ్లు. ఎవరిని పోలుస్తున్నాం? మిమ్మల్ని. దేనితో? కూలరుతో. ఏ గుణంలో? అది మీ అమ్మాయి చెప్పలేదు. మన తెలుగు పండితులు వీటినే ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం అంటారు. ఇంగ్లీషువాళ్ల సరుకు కూడా ఇదే. రాసినవాళ్లు మూడో కాలు దాచేసి రెండు కాళ్లమీద నిలబెట్టినప్పుడు, ఆ మూడోదాన్ని వెతకడమే చదివేవాడి పని.

రెండో సంగతి. 'కూలరు లాంటివాడు' అంటే సిమిలీ. అంటే గుమ్మం బయట నిలబడి పోల్చడం. 'కూలరే' అంటే మెటాఫర్. చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చోవడం. మీ అమ్మాయి లోపలికొచ్చి కూర్చుంది. అంతవరకూ సంతోషించండి.

హోంవర్కు రెండు. మొదటిది, కూలరును బాగా గమనించి దాని గుణాలు రాయండి. రెండోది, మీకు తెలిసిన మనిషి మీద మీ సొంత పోలిక ఒకటి రాయండి. పుస్తకంలోంచి ఎత్తిరాస్తే పట్టేస్తాను.

శుభాకాంక్షలతో,
లీలావతి

తా.క. మావారు సీతారామయ్య గారు మీ ఉత్తరం విని, "ఏసీ వచ్చాక కూలర్ ఎవరిక్కావాలి" అన్నారు. ఆయన రైల్వేలో చేసినవారు. సాహిత్యంలో ఆయన మాట పట్టించుకోకండి.


సాకేత్
ఏప్రిల్ 28

గౌరవనీయులైన మేడమ్ గారికి,

వందనములు. మీ పాఠం నాలుగుసార్లు చదివి, మూడు కాళ్లను ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకున్నాను.

హోంవర్కు ఒకటి. ఏడు రోజులు, డ్యూటీ నుంచి వచ్చాక ఏడు గంటల వరకు, బాల్కనీ కిటికీకి అమర్చిన మా కూలరు ఎదుట కుర్చీ వేసుకుని గమనించాను. పదకొండు గుణాలు తేలాయి. ఒక్కొక్క దాన్నీ నాతో సరిపోల్చాను. పూర్తి పట్టిక నకలు జతపరిచాను, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ మనవి చేస్తున్నాను.

మోత ఎక్కువ. ఈ అంశంలో నాకు పోలిక ఉందా అని సరళను అడిగాను. "మీరు మోతేంటండీ, రోజూ పొద్దున్నే పిల్ల గుమ్మం దాటేలోపు ఐడీ కార్డు, మెట్రో కార్డు, బాటిలు, రుమాలు, గొడుగు అని హాజరు వేస్తారు కదా, అంతే" అంది. పోలిక ఉన్నట్టు నమోదు చేశాను.

ఇనుప ఒళ్లు, బరువు ఎక్కువ, అడ్డంగా తిప్పితే గానీ తలుపులోంచి పట్టదు. పోలిక లేదు. నా బరువు అరవై రెండు కిలోలు.

తాకితే చిన్నగా షాకు కొడుతుంది. ఈ అంశం పరీక్షకు అందలేదు. ఫేబీ ఏడో తరగతి నుంచి నా చేయి పట్టుకుని నడవడం లేదు.

గడ్డి ఏటా మార్చాలి. దీనిపై కూలర్ గడ్డి అమ్మే చిట్టిబాబును సంప్రదించాను. ఇతను మన పిఠాపురం వాడే, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు. "సిలాసుగారూ, గడ్డి మారిస్తే పాత కూలరైనా కొత్తదే. మనిషికే గడ్డి మార్చలేం, క్యా కరేఁ?" అన్నాడు. రాసుకున్నాను గానీ ఏ కాలమ్ కింద చేర్చాలో తెలియలేదు.

పదకొండోది నన్ను బాధించింది. వానలు పడి ఉక్క మొదలయ్యాక కూలరు పనికిరాదు. ఎంత తిరిగినా ఒంటికి జిడ్డే. ఢిల్లీలో ఉక్క మొదలయ్యేది జూలైలో. ఫేబీ వెళ్లేదీ జూలైలో. ఆ తర్వాత నావల్ల ఉపయోగం లేదని ఆమె ఉద్దేశమా?

మొత్తం మీద చెడు గుణాలు ఏడు, మంచివి నాలుగు. సాహిత్యంలో తీర్పు అధిక సంఖ్యను బట్టి ఇస్తారా?

హోంవర్కు రెండు, సొంత పోలిక: 'నా భార్య సరళకుమారి ఐ.వి. స్టాండు లాంటిది. సాధారణ ధర్మం: నిటారుగా నిలబడుట.'

ఇట్లు,
సిలాసు

తా.క. రెండో హోంవర్కు సరళ చదివింది. "ఇరవై ఏళ్లు కాపరం చేస్తే నేను స్టాండునా?" అంది. నర్సు గనుక గౌరవంగా ఉంటుందనుకున్నాను. ప్రస్తుతం టిఫిన్ డబ్బా నేనే సర్దుకుంటున్నాను.


గురుగ్రామ్
మే 5

సిలాసు గారికి,

ఆశీస్సులు. ముందుగా ఐ.వి. స్టాండుకు పదికి ఎనిమిది మార్కులు. రెండు మార్కులు మీ ప్రాణాల కోసం తగ్గించాను. ఆమెకు క్షమాపణ చెప్పండి. అందులో పోలికలు వద్దు.

ఇప్పుడు అసలు తప్పు. చందమామలాంటి ముఖం అంటే ఆ ముఖం మీద గోతులున్నాయనీ, నెలకోసారి కనిపించకుండా పోతుందనీ కాదు. ఉపమానానికి వంద గుణాలు ఉంటాయి. అందులోంచి రాసినవాళ్లు ఒక్కటే తీసుకుంటారు, తక్కిన తొంభై తొమ్మిదీ గుమ్మం బయటే ఉంటాయి. మీరేమో మొత్తం సరుకు లోపలికి దింపించుకుని సంతకాలు పెడుతున్నారు. ఇది స్టోరు కాదు బాబూ. ఓటింగు అంతకన్నా కాదు.

మరి ఆ ఒక్కటీ ఏది? మీ పదకొండులో రెండింటి మీద నాకు చూపు ఆగింది. ఒకటి, కూలరు తాను కిటికీ బయట ఎండలో నిలబడి లోపలివాళ్లకు చల్లగాలి పంపుతుంది. మీరు దీన్ని నాలుగో అంశంగా 'అమర్చిన స్థలం: ఇంటి బయట' అని రాసి వదిలేశారు! రెండోది, ఆగకుండా మోగుతుంది. మొదటిది మెచ్చుకోలు, రెండోది పిల్లల విసుగు. ఏదో తేలాలంటే ఆ వాక్యం చుట్టూ ఏముందో చూడాలి. ముప్పై నాలుగో పేజీ అంతా రాసి పంపండి.

లీలావతి

తా.క. సీతారామయ్య గారు తననేమంటానని నన్ను అడిగారు. "మా బిల్డింగు లిఫ్టు" అన్నాను. అప్పటినుంచీ లిఫ్టు గుణాల పట్టిక వేస్తున్నారు. ఈ పద్ధతి ఆయనకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.


సాకేత్
మే 19

గౌరవనీయులైన మేడమ్ గారికి,

వందనములు. కోరిన ప్రకారం పేజీ వివరాలు. శీర్షిక: 'ట్వెల్త్ బీ వారి పోలికలు'. మొత్తం ముప్పై ఒక్క వాక్యాలు, తలా ఒకటి. చుట్టుపక్కల వాక్యాలు: 'మా ప్రిన్సిపల్ ఒక గీజర్.' 'నా బెస్ట్ ఫ్రెండ్ ఒక స్టేప్లర్.' 'మా నానమ్మ ఒక డోర్‌మ్యాట్.' వీటివల్ల నా వాక్యంపై వెలుగు పడలేదు.

అందువల్ల మీరు సూచించిన రెండు గుణాలనూ ప్రయోగం ద్వారా పరీక్షించ నిశ్చయించుకున్నాను. మోత నింద అయిన పక్షంలో, మోత ఆపితే ఇంట్లో ఆనందం కలగాలి. మే తొమ్మిది నుంచి పదిహేడు వరకు ఉదయపు హాజరు నిలిపివేశాను. ఫేబీ స్పోకెన్ ఫ్రెంచి క్లాసుకు వెళ్తున్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, నోరు తెరవకుండా, తల ఊపి పంపాను. మిగతా వేళల్లోనూ అత్యవసరమైన మాటలు మాత్రమే.

ఫలితాలు ఇవి. రెండో రోజు ఫేబీ మెట్రో కార్డు లేకుండా స్టేషన్ దాకా వెళ్లి తిరిగి వచ్చింది. మూడో రోజు సరళ నాకు బీపీ చూసింది. ఐదో రోజు షుగరు. ఆరో రోజు ఫేబీ, "డాడీ, ఆప్ గుస్సా హో? మేం ఏమైనా చేశామా?" అని అడిగింది. లేదన్నట్టు తల ఊపాను. ఆమె చాలాసేపు గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయింది.

తొమ్మిదో రోజు ధర్మయ్య గారు ముగ్గురు పెద్దలతో ప్రార్థనకు వచ్చారు. మౌనం పెనుశోధన అని ఇరవై నిమిషాలు ప్రార్థించారు. ప్రార్థన చివర 'ఆమేన్' అనవలసి వచ్చినందున ప్రయోగం ముగిసింది. ఆ ఆమేన్ విని సరళ ఏడ్చింది.

ఇంట్లో ఆనందం కలిగినట్టు ఆధారం లభించలేదు. అయితే మోత మెచ్చుకోలా?

ఇట్లు,
సిలాసు

తా.క. సరళ, కూలర్ ఎదుట నేను కూర్చోవడాన్నీ మాట్లాడకపోవడాన్నీ కలిపి చూసి, నాకు వేడి చేసిందని తేల్చింది. రోజూ మూడు గ్లాసుల మజ్జిగ ఇస్తోంది. మజ్జిగకు నేను అభ్యంతరం చెప్పలేదు.


గురుగ్రామ్
మే 26

సిలాసూ,

ఇకమీద 'గారు' లేదు. తొమ్మిది రోజులు పిల్లతో మాట్లాడకుండా ఉన్నవాడిని గారు అనలేను.

ఎవరు నిన్ను ప్రయోగాలు చేయమన్నది? పోలిక రాసినవాళ్ల మనసులో ఉంటుంది, రక్తపరీక్షలో కాదు. మీ ఇంట్లో ఒక ఆడపిల్ల, ఏడు వారాల్లో వేరే ఊరు వెళ్లబోతూ, తండ్రి తనతో ఎందుకు మాట్లాడటం లేదో తెలియక గుమ్మంలో నిలబడింది. ఆ పంక్తి రాస్తున్నప్పుడు నీ కలం ఆగలేదా?

ఇదే చివరి పాఠం అనుకో. రేపు పొద్దున్న హాజరు మొదలుపెట్టు. ఐడీ కార్డుతో మొదలుపెట్టి గొడుగు దాకా ఒక్కటీ వదలకు. ఆ తర్వాత, "అమ్మా, ఆ వాక్యానికి అర్థమేమిటి?" అని సూటిగా అడుగు. ఆమె చెప్పేది ఏదైనా విను.

లీలావతి

తా.క. ఆ డోర్‌మ్యాట్ నానమ్మ ఎవరో గానీ, ఆవిడ ఇంకా నాకు ఉత్తరం రాయలేదు. నీకన్నా ధైర్యవంతురాలు.

మరో తా.క. సీతారామయ్య గారు లిఫ్టుకు పదిహేడు గుణాలు తేల్చారు. "ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్తుంది" అన్నచోట ఆగి, నన్ను సంజాయిషీ అడుగుతున్నారు.


సాకేత్
జూన్ 8

గౌరవనీయులైన మేడమ్ గారికి,

వందనములు. మీ కోపం న్యాయమైనది. హాజరు మర్నాడే పునఃప్రారంభించాను. ఫేబీ, "హాఁ డాడీ, హాఁ డాడీ" అని ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. ఇదివరకు ఎత్తి చూపించేది కాదు.

అడుగుదామనుకున్న రోజే ఉపద్రవం జరిగింది. జూన్ ఒకటిన డ్యూటీ నుంచి వచ్చేసరికి బాల్కనీ కిటికీ దగ్గర కూలరు లేదు. ఆ స్థానంలో గోడకు ఏసీ ఉంది. మా బావమరిది యేసుకుమార్ బదిలీ మీద వెళ్తూ వదిలేసినది. సరళ నా ఆరోగ్యార్థం, నాకు తెలియకుండా బిగింపించింది.

"కూలరు ఏమైంది?" అన్నాను.

"కబాడీవాడికి ఇచ్చేశానండీ. ఇన్నాళ్లూ ఆ డొక్కుదాని ముందు కూర్చుని ఎంత చిక్కిపోయారో! కూర్చోండి, చల్లగా ఉంది."

మేడమ్, నేను కూర్చోలేకపోయాను. ఆ కూలరు పోతే విచారించవలసిన వస్తువే పోయినట్టు. అంతకన్నా, ఫేబీ నన్ను దేనితో పోల్చిందో దాన్ని పాత ఇనుముకు ఇచ్చివేశారన్న సంగతి నాకు మింగుడు పడలేదు. టీ తాగకుండా బయలుదేరాను. ఫేబీ చెప్పులు వేసుకుంటూ, "రుకో డాడీ, నేనూ వస్తా" అని వెంట వచ్చింది.

కబాడీవాడు దాన్ని అప్పటికే కటవారియా సరాయ్‌లో గది అద్దెకుండే ఒకతనికి ఇచ్చేశాడు. మూడో అంతస్తు ఎక్కాం. తలుపు తీసిన అతను తెలుగువాడే, పేరు చైతు, ముప్పై ఏళ్లుంటాయి, సివిల్స్‌కు ఇది నాలుగో ప్రయత్నమట. గదిలో మంచం, పుస్తకాలు, మా కూలరు. అంతే ఉన్నాయి.

"బాబూ, ఈ కూలరు తిరిగి ఇవ్వాలి" అన్నాను.

"ఎందుకు అంకుల్? బాగా పనిచేస్తోంది. ఇది పోతే నేను ప్రిలిమ్స్‌కి ముందే ఆవిరైపోతాను."

"ఇది నాకు ఉపమానం."

అతను ఫేబీవైపు చూశాడు. "అంకుల్‌కి వడదెబ్బ తగిలిందా సిస్టర్?"

చివరకు చిట్టిబాబుకు ఫోను చేసి, ఇంతకన్నా మంచి కూలరు కొత్త గడ్డితో చైతుకు తెప్పించాను. మాది ఈ-రిక్షా మీద ఎక్కించి, పడిపోకుండా నేనొక వైపు, ఫేబీ ఒక వైపు పట్టుకుని కూర్చున్నాం. దారిలో ఆమె అడిగింది. "డాడీ, సచ్ బతావో. ఏసీ ఉండగా దీనికోసం ఎందుకు ఇంత?"

"నువ్వు నన్ను ఇదే అన్నావు కదమ్మా. ముప్పై నాలుగో పేజీలో" అన్నాను.

ఆమె మొదట నవ్వింది. రిక్షావాడు వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వింది. ఆ తర్వాత నా ముఖం చూసి ఆపేసింది. మిగిలిన దారంతా కూలరును రెండు చేతులా పట్టుకుని రోడ్డు వైపే చూసింది. అలాంటప్పుడు అర్థం అడగడం భావ్యం కాదనిపించి నేను అడగలేదు.

మేడమ్, ఇంకా అయిదు వారాలే ఉన్నాయి. ఉన్న ఆధారాల మీదనే మీరు తుది తీర్పు ఇవ్వవలసిందిగా ప్రార్థన. ఏదైనా స్వీకరిస్తాను.

ఇట్లు,
సిలాసు

తా.క. ఇప్పుడు మా ఇంట్లో ఏసీ, కూలరు రెండూ ఉన్నాయి. సరళ ఏసీ కింద, నేను కూలరు ఎదుట కూర్చుంటున్నాం. ఫేబీ నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది. కారణం చెప్పలేదు.


సాకేత్
జూన్ 13

లీలావతి మేడమ్‌కి,

నమస్తే. నేను ఫేబీ. డాడీ మీకు రాసేది నా గురించే అని ఇప్పుడు తెలిసింది. మీ ఉత్తరాలు చదవలేదు, అవి డాడీ ఫైలులో ఉన్నాయి, ఆ ఫైలు ఎవరూ ముట్టుకోరు. రిక్షా దిగాక డాడీయే మొత్తం చెప్పారు. తన లిస్ట్ కూడా చూపించారు. నాకు తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది కానీ రాయడం సరిగ్గా రాదు. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. స్పెల్లింగ్ మమ్మీ చూసింది, మాటలు నావే.

మేడమ్, ఒక సచ్చీ బాత్ చెప్పాలి. కూలర్ నేను ఎంచుకోలేదు. మా ఇంగ్లీష్ మ్యామ్ ఒక డబ్బాలో చిట్టీలు వేసి తెచ్చింది. అన్నిటి మీదా ఇంట్లో సామాన్లు. గీజర్, స్టేప్లర్, డోర్‌మ్యాట్, అలాంటివి. ఎవరికి ఏ చిట్టీ వస్తే దానితో ఒక మనిషిని కలిపి ఆరు మాటలు దాటకుండా వాక్యం రాయాలి. టైమ్ ఐదు నిమిషాలు. నాకు రూమ్ కూలర్ వచ్చింది. నా బెంచీలో కూర్చునే శరణ్యకి డోర్‌మ్యాట్ వచ్చింది, అది రాసి ఇంటికెళ్తే వాళ్ల నానమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.

అంటే డాడీ రెండు నెలలు వెతికింది ఒక చిట్టీ కోసం. ఇది రిక్షాలోనే చెప్పాలనుకున్నాను. కానీ ఆ కూలర్ని అలా పట్టుకుని కూర్చున్న మనిషితో, ఇట్ వాజ్ జస్ట్ ఎ చిట్ అని ఎలా చెప్పను?

కానీ మేడమ్, చిట్టీ మీద సామానే ఉంది. మనిషి పేరు లేదు. మనిషి మా ఇష్టం. నేను ఐదు నిమిషాలు కూడా తీసుకోలేదు.

ఎందుకంటే చెప్తాను. పోయిన సమ్మర్‌లో శరణ్య ఇంట్లో చదువుకుంటున్నాం. వాళ్ల కూలర్ సడన్‌గా వేడి గాలి కొట్టింది. "ఖరాబ్ అయింది" అన్నాను. శరణ్య నవ్వి, "పాగల్, పానీ ఖతమ్" అని బకెట్ తెచ్చింది. కూలర్‌లో నీళ్లు పోయాలని నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి నాకు పదహారేళ్లు, మేడమ్. మా ఇంట్లో ఎప్పుడూ ఖాళీ అవడం చూడలేదు. నీళ్లు వాటంతట అవే వస్తాయనుకున్నాను.

ఆ రోజు త్వరగా ఇంటికి వచ్చాను. బాల్కనీలో డాడీ ఉన్నారు. డ్యూటీ షర్ట్ ఇంకా విప్పలేదు. బాత్రూమ్ నుంచి నాలుగు బకెట్లు మోశారు. షర్ట్ ముందంతా తడిసిపోయింది. నన్ను చూసి, "బాటిల్ తెచ్చావా, అక్కడ మర్చిపోయావా?" అన్నారు. నేను తెచ్చానన్నాను. ఇంకేమీ అనలేదు. అనాల్సింది.

డాడీ లిస్ట్‌లో పదకొండు పాయింట్లు ఉన్నాయి. బరువు ఉంది, షాక్ ఉంది, గడ్డి ఉంది. ఏడు రోజులు దాని ముందు కూర్చుని, రోజూ దాన్ని నింపుతూ, నీళ్లు మాత్రం రాసుకోలేదు.

అందుకే నా పోలిక తప్పు, మేడమ్. డాడీ కూలర్ కాదు. అందులో నీళ్లు పోసే మనిషి. కానీ ఆ డబ్బాలో మనుషుల చిట్టీలు లేవు, ఆరు మాటల్లో అంత పట్టదు. మీరు దీనికి పదికి ఎన్ని ఇస్తారో రాయండి. డాడీకి ఐ.వి. స్టాండుకి ఎనిమిది ఇచ్చారట, మమ్మీ ఇంకా మర్చిపోలేదు.

మీ
ఫేబీ

తా.క. ఇది డాడీకి నోటితో చెబితే ఆధారం అడుగుతారు. అందుకే రాతలో పెట్టాను. పోస్టులో వేయమని డాడీ చేతికే ఇస్తున్నాను, కవరు అంటించకుండా. కానీ డాడీ వేరేవాళ్ల ఉత్తరం తెరిచి చదవరు. కాబట్టి కవరు మీద పెద్ద అక్షరాలతో 'పంపే ముందు లోపలి సరుకు సరిచూడవలెను' అని రాశాను. అలా రాసి ఉంటే డాడీ సరిచూడకుండా ఉండలేరు.


సరిచూడడమైనది. కాగితాలు మూడు. అక్షర దోషాలు లేవు. మూడో కాగితంలో రెండు చోట్ల సిరా అలుక్కుపోయింది. అది పంపినవారి వల్ల జరిగినది కాదు, సరిచూసినవారి వల్ల జరిగినది.

సిలాసు
జూన్ 14